మునీరె వదిన ఎర్ర జోళ్ళు

రేవులోంచి పడవ ఎక్కే పలక దగ్గర ఒక బుట్ట ఉంటుంది. డబ్బిచ్చి వారం రోజుల విహారానికి వచ్చిన అతిథులు జోళ్ళు విప్పి అందులో వేసి వట్టికాళ్ళతో పైకి నడుస్తారు. వారం తర్వాత దిగేటప్పుడే మళ్ళీ వాటిని తీసుకుంటారు. పడవలో పనిచేసేవాళ్ళ జోళ్ళకి ఆ బుట్టలో చోటు లేదు. అవి వెనక ఇంజను గది మూత పక్కన ఎక్కడో పడి ఉంటాయి. ఈ పద్ధతి ఎవరు పెట్టారో నాకు తెలియదు గానీ టర్కీ తీరాన మా బోజ్‌బురున్‌ రేవులో దీన్ని తప్పినవాడిని నేను చూడలేదు.

మునీరె వదిన ‘గుల్‌బహార్’ పడవలో ఇరవయ్యారేళ్ళు వంట చేసింది. ఆమె జోళ్ళు ఒక్కరోజు కూడా ఆ బుట్టలో పడలేదు. అలాంటిది మొన్న ఏప్రిల్లో ఒక పొద్దున, చెల్లెలి కూతురి పెళ్ళికి కొనుక్కున్న ఎర్ర తోలు జోళ్ళు తొడుక్కుని టకటకలాడుతూ వచ్చింది. తీరిగ్గా విప్పింది. దుమ్ము దులిపింది. ఖాళీ బుట్టలో రెండింటినీ పక్కపక్కన పెట్టింది. రేవులో ఉన్నవాళ్ళమందరం చేతిలో పని వదిలేసి చూస్తూ ఉండిపోయాం.

"ఏంటలా గుడ్లప్పగించి చూస్తారు? అతిథిని ఎప్పుడూ చూళ్ళేదా?" అంది వదిన.

ఆమె వెనకాలే ఆమె సంచీ మోసుకుంటూ తెవ్ఫిక్ అన్న వచ్చాడు. ఆ పడవకి కెప్టెన్, ఆమెకి మొగుడు. అరవయ్యొక్కేళ్ళ మనిషి, ఆరడుగుల పైన పొడుగు, మీసం చూస్తే ఎవరికైనా భయం వేస్తుంది. ఆ రోజు మాత్రం పరీక్ష రాయబోయే పిల్లాడి మొహం పెట్టుకున్నాడు.

నా పేరు ఇల్హామి. చెక్క పడవల పలకల మధ్య సందుల్లో నూలు కుక్కి, తారు పూసి, నీళ్ళు రాకుండా చెయ్యడం నా పని. నా పని గురించి ఎవరైనా ఒక్కమాట అంటే ఊరుకోను. తిండి దగ్గర మాత్రం ఎన్ని మాటలన్నా పడతాను. చలికాలమంతా ఒడ్డున ఎండిన పడవని వసంతంలో నీళ్ళలోకి దింపితే మొదట నాలుగు రోజులు అది నీళ్ళు తాగుతుంది. చెక్క నాని ఉబ్బి, సందులు వాటంతట అవే బిగుసుకునేదాకా మోటారు పెట్టి నీళ్ళు తోడుతూ ఉండాలి. అందుకని సందులు మూసినవాడే మొదటి ప్రయాణంలో పడవలో పడుకోవాలని మా దగ్గర రివాజు. నువ్వు మూశావు, మునిగితే నువ్వు కూడా మునుగు అని దానర్థం. ఆ రకంగా మొగుడూ పెళ్ళాల విహారయాత్రకి నేను తోడు వెళ్ళాను. నాకేం సరదా కాదు.

అసలు గొడవ ఫిబ్రవరిలో మొదలైంది. తెవ్ఫిక్ అన్న వంటింట్లో కూర్చుని ఆ ఏడాది రాబోయే అతిథుల పేర్లు చదువుతున్నాడట. వదిన చేపల పొలుసు తీస్తూ, తలెత్తకుండా, "ఈ ఏడు నేను రాను," అంది.

"ఎక్కడికి రావు?"

"పడవకి."

అన్న నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఎందుకు రావని అడిగాడు. "నీకే తెలియాలి," అంది. మర్నాడు అడిగాడు, ఆ మర్నాడు అడిగాడు. నెల తిరిగేసరికి మనిషి సగమయ్యాడు. చివరికి వదినే దారి చూపించింది. పడవ నీళ్ళలోకి దిగగానే వారం రోజులు తనని అతిథిగా తిప్పాలి. మొన చివరున్న పాత శిథిల నగరం క్నిదోస్ దాకా వెళ్ళి రావాలి. వంట అతనిదే, గిన్నెలు అతనివే. వంటింటి గురించి ఆమెని ఒక్క ప్రశ్న కూడా అడగకూడదు. ఆ వారంలో ఆమె ఎందుకు రానంటోందో అతనంతట అతను కనిపెట్టగలిగితే వస్తుంది. లేకపోతే వేరే వంటమనిషిని వెతుక్కోవాలి.

"వేరే వంటమనిషి దొరకదా అన్నా?" అన్నాను నేను టీకొట్టులో.

"దొరుకుతుంది. నాకు మునీరె కావాలి," అన్నాడు. ఆ మాట అందరిలో అనేశాడు. ఆ తర్వాత సిగ్గుపడి టీ చల్లారేదాకా గ్లాసులోకే చూస్తూ కూర్చున్నాడు.

కొవ్వు రాసిన దుంగలమీదుగా పడవని జార్చి, రెండు రోజులు రేవులోనే నీళ్ళు తాగించి, మూడో రోజు పొద్దున్న బయల్దేరాం. వదిన చెల్లెలు రేవులో నిలబడి మా వెనకాల చెంబుడు నీళ్ళు పారబోసింది. నీళ్ళలా వెళ్ళి నీళ్ళలా తిరిగి రమ్మని మా వాళ్ళు చేసే పని అది. "బావగారి వంట తిని తిరిగొస్తే చాలు!" అని అరిచింది కూడా.

మొదటి పలహారానికే అన్న తల ప్రాణం తోకకొచ్చింది. పొయ్యి వెలగలేదు. గ్యాసు మీట ఎక్కడుందో తెలియదు. నీటి అడుగున ఏ రాయి ఎంత లోతులో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలడు, తన పడవలో గ్యాసు మీట ఎక్కడుందో ఇరవయ్యారేళ్ళలో తెలుసుకోలేదు. అడుగుదామంటే ఒప్పందం అడ్డు. గంటసేపు వెతికాడు. ఆ వంటగది వదిన ఎత్తుకి తగ్గట్టు కట్టింది. వంగినప్పుడల్లా తల పైదూలానికి కొట్టుకుని ఠంగుమని మోగుతోంది. పైన వదిన మెత్తల మీద కాళ్ళు చాపుకుని, పచ్చి బాదం కాయలు ఉప్పులో అద్దుకుని కొరుకుతూ ఆ మోతలు లెక్కపెడుతోంది.

"ఏడు," అంది. "కెప్టెన్‌గారూ, దెబ్బలేం తగల్లేదు కదా?"

"లేదండీ, మునీరెగారూ!" అని కిందనుంచి ఏడుపు గొంతు.

మీట చివరికి మెట్టు కింద దొరికింది. పలహారం పదకొండింటికి వచ్చింది. గుడ్లు మాడిపోయాయి, టీ కషాయంలా ఉంది. వదిన వాటిని ఎంతో మర్యాదగా తిని, "మీ వంట గురించి విన్నదానికంటే బాగుంది," అంది. నేను మాత్రం రొట్టే ఆలివ్ కాయలతో సరిపెట్టుకున్నాను. నా కడుపులో ఎలుకలు సాయంత్రం దాకా పరుగెత్తాయి.

కానీ ఎంత బాగా గడిచాయో ఆ రోజులు! కొండల నిండా పసుపు పచ్చని పూలు. వాటి వాసన నీళ్ళ మీదికి కూడా వచ్చేది. గాలి వీపు మీద చెయ్యి వేసినంత నెమ్మదిగా ఉండేది. ఇంజను ఆపి తెరచాప మీదే వెళ్ళాం. తొందర ఎవరికీ లేదు. ఏ అఖాతంలోకి వెళ్ళినా మా పడవొక్కటే. వదిన ముందు భాగాన కూర్చుని ఒక్కో చోటునీ కొత్తగా చూసేది. ఆమెకి ఆ తీరమంతా తెలుసు, కాకపోతే కూరల పేర్లతో తెలుసు.

"ఇది గుమ్మడిపూలలో అన్నం కూరిన చోటు," అనేది. "అదిగో, ఆ మొన దగ్గర మజ్జిగ విరిగిపోయింది, గుర్తుందా? ఆ వెనకది ఆక్టోపస్‌ది. రాయి మీద నలభైసార్లు బాదాను. ఇక్కడింత తెల్ల ఇసుక ఉందా! వంటగది కిటికీలోంచి నీళ్ళు తప్ప ఏమీ కనబడేది కాదు."

రెండో రోజు మధ్యాహ్నం సెలిమియె ఊరు దాటాక లంగరు వేశాం. ఏప్రిల్ నీళ్ళు, చెయ్యి పెడితే కొరుకుతాయి. వదిన తలగుడ్డ బిగించి కట్టుకుంది. వేసుకున్న బట్టలతోనే అంచు ఎక్కింది. మేం వద్దు వద్దంటుండగానే దూకేసింది. యాభై ఏడేళ్ళ మనిషి! పైకి తేలి ఊపిరందక కేకలు పెట్టి, ఆ తర్వాత విరగబడి నవ్వడం మొదలుపెట్టింది. అన్న ఉల్లిపాయ కోస్తున్న కత్తి అక్కడే పడేసి ఆమె వెనక దూకాడు. ఇద్దరూ పళ్ళు కటకటలాడిస్తూ ఒకళ్ళ మీద ఒకళ్ళు నీళ్ళు చల్లుకున్నారు. నేను మోటారు దగ్గర కూర్చుని తల పక్కకి తిప్పుకున్నాను. ఎంతైనా నేను తోడొచ్చినవాణ్ణి.

అంత నవ్వుల్లోనూ అన్న గుండెలో రాయి అలాగే ఉంది. రోజూ సాయంత్రం టీ గ్లాసు ఆమె చేతికిచ్చి, చేతులు కట్టుకుని నిలబడి, ఒక జవాబు చెప్పేవాడు.

"మోకాళ్ళ నొప్పులా?"

"మోకాళ్ళు నీకంటే నాకే నయం."

"వంటగది ఇరుకనా?"

"ఇరుకే. అది కాదు."

"క్నిదోస్ ఎప్పుడూ దిగి చూడనివ్వలేదనా? అతిథులు చూసొచ్చేదాకా నువ్వు గిన్నెలు తోముతూ ఉండేదానివి కదా."

వదిన ఈసారి గ్లాసు కింద పెట్టింది. "దగ్గరికొచ్చావు కెప్టెన్‌గారూ," అంది. అంతకుమించి చెప్పలేదు.

మొదటి రోజు రాత్రి భోజనం దగ్గర జరిగిన సంగతి ఇక్కడ చెప్పాలి. అన్న పళ్ళెం తెచ్చి ఆమె ముందు పెట్టి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చోబోయాడు. వదిన చెంచా దించింది.

"కెప్టెన్‌గారూ, నేను పిలిచానా?"

అన్న నవ్వుతూ లేచి నిలబడ్డాడు. అది మా పడవల్లో ఉన్న మర్యాదే. అతిథి పిలిస్తేనే కెప్టెన్ బల్ల దగ్గర కూర్చుంటాడు. కెప్టెన్‌ని పిలవని అతిథి ఉండడనుకోండి. మొదటి పూటే "రండి కెప్టెన్, కూర్చోండి, ఆ తుఫాను కథ చెప్పండి," అంటారు. అన్న కూర్చుని తుఫాను కథ చెబుతాడు. అది ఏటేటా పెద్దదవుతూ వస్తోంది. ఆ మర్యాద ప్రకారమే అన్న కిందికి పోయి తిన్నాడు. అందులో వింత ఏముందో అతనికి తట్టలేదు. అప్పటికి నాకూ తట్టలేదు.

నాకు మూడో రోజు తట్టింది. పెద్ద చిక్కుళ్ళు పెరుగుతో తింటున్నాం. నన్ను వదిన బల్ల దగ్గరికి పిలిచింది, అన్నని పిలవలేదు. ఉన్నట్టుండి ఆమె నమలడం ఆపి చెవి ఒగ్గింది. కిందనుంచి చెంచా గిన్నె అడుగున గీరుకుంటున్న చప్పుడు.

"వింటున్నావా మరిదీ? కింద నిలబడి తింటే ఆ చప్పుడు పైకి వినబడుతుంది. నేను ఇరవయ్యారేళ్ళు అలాగే తిన్నాను. పైన ఎవరికీ వినబళ్ళేదు."

నేను చెంచా దించేశాను. నేను మాత్రం ఏం ఉద్ధరించాను? ప్రతి వసంతం మొదటి ప్రయాణంలో ఆ బల్ల దగ్గర కూర్చుని ద్రాక్షాకుల్లో అన్నం పెట్టి ఆమె చుట్టిన ఆకు చుట్టలు డజన్ల కొద్దీ మింగాను. ఆమె ఎక్కడ తింటోందని ఏనాడూ అడగలేదు. ఆ మాట ఆమెతో అన్నాను. తల దించుకునే అన్నాను.

"నిన్ను కాదులే. వచ్చినవాళ్ళందరూ ‘రండి కెప్టెన్’ అన్నారు. వాళ్ళకేం తెలుసు? ఆయన కూర్చుని, కిందికి వంగి ‘మునీరే, ఇంకొంచెం అన్నం’ అన్నాడు. ‘మునీరే, నువ్వూ రా’ అనలేదు. నాకు పని కష్టం కాదు, ఇల్హామీ. ఆ ఒక్కమాట కోసం చెవులు రిక్కించి నిలబడ్డమే కష్టం."

తర్వాత కళ్ళు తుడుచుకుని, వేలు చూపించి బెదిరించింది. "ఆయనకి చెప్పావో, జన్మలో నీకు ఆకు చుట్టలు చెయ్యను."

ఇక నా అవస్థ చూడాలి. ఒకపక్క అన్న జవాబు కోసం గింజుకుంటున్నాడు, ఇంకోపక్క నా నోటికి తాళం. ఆకు చుట్టల కోసం ఒక సంసారాన్ని గాలికి వదిలేశానన్న పాపం నా మీద పడేలా ఉంది.

నాలుగో రోజు దాత్చా రేవు మీదుగా, అయిదో రోజు పొద్దున్నే మొన తిప్పుకుని క్నిదోస్ చేరాం. వదిన ఎర్ర జోళ్ళు బుట్టలోంచి తీసి తొడుక్కుంది. పాత రాళ్ళ మధ్యనుంచి మెట్ల బారు ఎక్కి, రెండు వేల ఏళ్ళ నాటి రాతి నాటకశాలలో అన్నిటికంటే పై వరస మీద కూర్చుంది. పడవమీంచి చూస్తే ఆ బూడిద రంగు రాళ్ళలో ఎర్ర చుక్కలు రెండు కదిలేవి. తలగుడ్డ విప్పి ఊపింది. అన్న అంట్ల గుడ్డ ఊపాడు. ఎంతసేపు కూర్చుందో! ఆమెని కిందికి రమ్మని పిలిచే పని ఏదీ లేదు.

అన్న వంటగదిలోకి దిగాడు. నేను మెట్టు మీద కూర్చున్నాను. గట్టు మీద కడిగిన పళ్ళెం ఒక్కటీ లేక, గిన్నె మూతలో అన్నం పెట్టుకుని నిలబడి తింటున్నాడు. తింటూ తింటూ గట్టు అంచు కేసి చూశాడు.

"ఇల్హామీ, ఇదేం పనిరా? ఈ పలక ఇక్కడ గుంట పడిపోయింది. చిత్రిక పట్టడం చేతకాదా నీకు?"

చెప్పాను కదా, నా పనిని ఒక్కమాట అంటే పడనని. ఒక్కంగలో దిగాను. "చేతకాకపోవడమేంటి? మల్బరీ చెక్క అది. ఈ గట్టు కట్టినప్పుడు నేను గీత గీసినట్టు సమంగా దించాను. అది నేను పెట్టిన గుంట కాదు. మనిషి అరగదీసింది."

"మనిషి అరగదీస్తే చెక్క అరుగుతుందా?"

"ఇరవయ్యారేళ్ళు ఒకేచోట మోచెయ్యి ఆనిస్తే అరక్క ఏమవుతుంది?"

అని నాలుక కరుచుకున్నాను. ఆకు చుట్టలు పోయాయనే అనుకున్నాను. అన్న గిన్నె మూత పక్కన పెట్టాడు. తన మోచెయ్యి ఆ గుంటలో పెట్టి చూశాడు. అతని ఎత్తుకి అది కుదరలేదు. మోకాళ్ళు వంచి, నడుం వంచి, వదినంత పొట్టివాడై అప్పుడు పెట్టాడు. కుదిరింది. ఆ వంగిన చోటు నుంచి చూస్తే ఎదురుగా కిటికీ, దాంట్లో జానెడు నీళ్ళు. పక్కన మేకుకి అంచు లొట్టపడ్డ చిన్న పళ్ళెం, ఒక చెంచా వేలాడుతున్నాయి. అది ఎవరి పళ్ళెమో ఇద్దరికీ తెలుసు.

లేచేటప్పుడు తల దూలానికి కొట్టుకుంది. ఈసారి అబ్బా అని కూడా అనలేదు.

"పైన మేం నవ్వుకుంటుంటే ఇక్కడికి వినబడేదేమో," అన్నాడు.

"అంతా వినబడుతుందన్నా. ఇటునుంచి అటే ఎవరూ వినిపించుకోరు."

ఆ సాయంత్రం వెనక భాగాన బొగ్గుల మీద చేపలు కాల్చాడు. మగాడికి చేతనైన వంట అదొక్కటే, బాగానే కుదిరింది. ఎండ ఇంకా దిగలేదు, నీళ్ళు రాగి రంగులో ఉన్నాయి. వదిన బల్ల దగ్గర కూర్చుని ఆ నాటకశాల గురించి, అక్కడినుంచి మన పడవ ఎంత చిన్నగా కనబడిందో దాని గురించి చెబుతోంది. అన్న ఆమె ముందు పళ్ళెం పెట్టాడు. ఎదురుగా ఇంకొకటి పెట్టాడు. అది మేకుకి వేలాడిన లొట్టపళ్ళెం. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మునీరెగారూ, ఒక మనవి."

"చెప్పండి కెప్టెన్‌గారూ."

"మా పడవలో వంట చేసే ఒకావిడ ఉంది. ఇరవయ్యారేళ్ళుగా కిందే నిలబడి తింటోంది. పిలవాల్సినవాడు ఉన్నాడు గానీ వాడు ఒట్టి దద్దమ్మ. ఆవిణ్ణి పైకి పిలిచి మీతోపాటు కూర్చోబెట్టమంటారా?"

వదిన ఆ లొట్టపళ్ళెం కేసి చూసింది. పెదవులు బిగపట్టింది. లాభం లేకపోయింది. భోరున ఏడ్చేసింది. ఆ ఏడుపులోనే నవ్వు కూడా వచ్చేసింది. అన్న ఏం చెయ్యాలో తెలియక అంట్ల గుడ్డ అందించాడు. ఆమె దానితోనే మొహం తుడుచుకుని, దానితోనే అతన్ని ఒక్కటి కొట్టింది.

"ఇంతకాలం పట్టిందా నీకు? కూర్చో కెప్టెన్, చేప చల్లారిపోతోంది. ఇల్హామీ, నువ్వూ కూర్చో. నువ్వు చెప్పావా ఏంటి?"

"పలక చెప్పింది వదినా. నా తప్పేం లేదు," అన్నాను. నాకూ కళ్ళ నీళ్ళు వచ్చాయి, సిగ్గులేకుండా చెబుతున్నాను. ఆ పూట లొట్టపళ్ళెంలో అన్నే తిన్నాడు.

మిగిలిన రెండు రోజులూ తిరుగు ప్రయాణం. వంట అన్నదే, ఎందుకంటే వారం ఇంకా పూర్తి కాలేదని వదిన పట్టుబట్టింది. నేనింకో బస్తెడు ఆలివ్ కాయలు తిన్నాను. సందులన్నీ బిగుసుకుని, పడవ ఒక్క చుక్క కూడా తాగడం మానేసింది. అది మాత్రం నా పనితనమే.

మే నెల మొదటివారంలో ఆ ఏటి తొలి అతిథులు వచ్చారు. అంకారా నుంచి కొత్తగా పింఛను పుచ్చుకున్న టీచరు, ఆయన భార్య. అంతకుముందే గుంటపడ్డ పలక మార్చమని అన్న నన్ను పురమాయించాడు, కొత్త పలక చంకలో పెట్టుకుని ఆ వేళకే నేనూ పడవెక్కాను. బల్ల మీద భోజనం వడ్డించి ఉంది. టీచరుగారు అందరిలాగే, "రండి కెప్టెన్, కూర్చోండి," అన్నాడు.

అన్న కుర్చీ వెనక్కి లాగాడు. కూర్చోలేదు. వంటగది మెట్ల దగ్గరికెళ్ళి కిందికి వంగాడు.

"మునీరే!"

ఇరవయ్యారేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? కిందనుంచి వెంటనే గొంతు వచ్చింది. "ఏం కావాలి? ఉప్పా? అన్నమా?"

"నువ్వు," అన్నాడు అన్న. "పైకి రా. తిందాం."

కింద గరిటె గిన్నెలో పెట్టిన చప్పుడైంది. తర్వాత ఆమె తడిచేతులు అంట్ల గుడ్డకి తుడుచుకుంటూ మెట్లెక్కి వచ్చింది. టీచరుగారి భార్య పక్కకి జరిగి చోటిచ్చింది. నన్ను చూసి వదిన, "ఆ పలక పట్టుకెళ్ళిపో మరిదీ. పాతదే ఉండనీ. ఈయనకి మళ్ళీ మరుపొస్తే చూపించడానికి పనికొస్తుంది," అంది.